గేర్ల సైకిలుకు బంతిపూల దండ

నీళ్ల మీద సైకిలు తొక్కిన మనిషి సికింద్రాబాద్ మొత్తంలో ఒక్కడే ఉన్నాడు. అది నేను. మొన్నటి దసరా పొద్దున, డెబ్బై రెండేళ్ల ఈ ఒంటితో, నేరేడ్‌మెట్ నుంచి ఘట్‌కేసర్ అవతల మూసీ కాలువ దాకా ఎక్కడా ఆగకుండా తొక్కాను. గట్టు మీద గాలిని వెనక్కి నెడుతూ పోయి పోయి, ముందు దారి బాగాలేకపోతే దిగడం ఎందుకని, అదే ఊపున హ్యాండిలు కాలువ మీదికి తిప్పాను. చక్రాలు నీళ్లను తాకాయి. సైకిలు మునగలేదు. అవతలి గట్టు చేరేదాకా నేను పెడలు ఆపలేదు.

ఈ సంగతి ఇప్పటికి చాలాచోట్ల చెప్పాను. ఇరానీ హోటల్లో చెప్పాను, మందుల షాపు ముందు వరసలో నిలబడి చెప్పాను, ఒక పెళ్లి భోజనాల బంతిలో చెప్తే పక్కాయన ఎంగిలి చేత్తోనే దండం పెట్టబోయాడు. నోటితో చెప్పినప్పుడు రాని మొహమాటం కాగితం మీద పెట్టేసరికి వస్తోంది. కాబట్టి మళ్లీ మొదటి నుంచి, కొంచెం నిదానంగా చెప్తాను.

మాది బోయిగూడ. మా తాత కాలం నుంచీ అక్కడే. మా అమ్మాయిని మాత్రం శ్రీకాకుళం వైపు వాళ్లకు ఇచ్చాం. వాళ్లు ఉద్యోగాల కోసం ఇటు వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డారు. వియ్యంకుడూ నేనూ ఒకరినొకరం బావగారూ అని పిలుచుకుంటాం. ఆయన మాట నాకు సగమే అర్థమవుతుంది, నా మాట ఆయనకు సగమే అర్థమవుతుంది. అందుకే మా ఇద్దరికీ ఇంతవరకు గొడవ రాలేదు.

అల్లుడికి రెండేళ్ల కింద షుగరు బయటపడింది. డాక్టరు నడవమంటే ఈయన సైకిలెక్కాడు. ఎక్కినవాడు మళ్లీ దిగలేదు. గేర్ల సైకిలు ఒకటి కొన్నాడు. చిటికెన వేలుతో లేపొచ్చు, అంత తేలిక. మడ్‌గార్డు లేదు, క్యారియర్ లేదు, స్టాండు లేదు, ఆఖరికి బెల్లు కూడా లేదు. గోదావరి కాలువ గట్ల వెంట, ధవళేశ్వరం దగ్గర మొదలుపెట్టి సముద్రం కనబడేదాకా మిత్రులతో కలిసి తొక్కాలని ఆయన కోరిక. కాలువల పటం ఒకటి గోడకు అంటించుకున్నాడు. రాత్రి అన్నం తింటూ దాన్నే చూసేవాడు. సెలవు అడిగినప్పుడల్లా ఆఫీసువాళ్లు ఇస్తామని ఇవ్వలేదు. చివరికి ఈ దసరాకు ఇచ్చారు, పండగ రోజు మాత్రం వచ్చి పనిచేయాలన్న షరతు మీద. మర్నాడు తెల్లవారగానే మిత్రుల వ్యాను వస్తుంది, సైకిలు ఎక్కించుకుని వెళ్లిపోవాలి. 

పండగకని నేనూ మా ఆవిడా ముందురోజే నేరేడ్‌మెట్ వెళ్లాం. ఆమె ఆటోలో, నేను నా ఇనుప సైకిలు మీద. గుమ్మంలో కాలు పెట్టగానే మా అమ్మాయి చేసిన మొదటి మర్యాద ఇది:

"నాన్నా, ఎల్లుండి ఆయన పోతుండు. గా సైకిల్ని ముట్టకు. చూస్తే చూడు, ముట్టకు."

"నేనెందుకు ముడ్త?" అన్నాను. నిజంగానే నాకు ఆ ఉద్దేశం లేదు.

పండగ పొద్దున కింద సెల్లారులో అపార్ట్‌మెంటు వాళ్లందరూ బండ్లు కడుగుతున్నారు. కార్లకు, స్కూటర్లకు పసుపూ కుంకుమా, దండలూ, చక్రాల కింద నిమ్మకాయలు. అల్లుడు అప్పటికే ఆఫీసుకు వెళ్లిపోయాడు. ఆయన సైకిలు ఒక్కటే గోడకు ఆనుకుని బోసిగా ఉంది. సముద్రం దాకా పోవాల్సిన బండి. దానికి బొట్టు కూడా పెట్టరా? నేను పెట్టాను. ఒకటి పెడితే ఆగబుద్ధి కాలేదు, చక్రం చక్రానికీ పెట్టాను, వెనక గేరు బిళ్లలకు వరసగా పెట్టాను. పక్కవాళ్లు కారుకు తెచ్చిన బంతిపూల దండ బారెడు మిగిలింది. హ్యాండిలుకు కడితే బ్రేకు తీగలకు అడ్డం వస్తుందని నాకు తెలుసు, ఆ మాత్రం జ్ఞానం ఉంది. సీటు కింద రెండు చుట్లు చుట్టి, కొసలు అందంగా వెనక్కి వదిలాను. చూడ్డానికి చిన్న రథంలా ఉంది.

ఇంతలో మా ఆవిడ ఫోను పట్టుకుని దిగింది.

"ఇగో పాలపిట్ట. దండం పెట్టుకొని పైకొచ్చి టిఫిన్ తినున్రి."

ఫోనులో పాలపిట్ట బొమ్మ. కింద పండగ శుభాకాంక్షలు. దసరా నాడు పాలపిట్టను చూడటమంటే మా ఇళ్లలో పండగలో సగం. మా నాన్న మమ్మల్ని ఊరి బయటిదాకా నడిపించుకుపోయి, అది కనబడేదాకా ఇంటికి తెచ్చేవాడు కాదు.

"ఫోన్ల చూస్తే చూసినట్టా?" అన్నాను.

"మరి నిరుడు గిట్లనే గద చూసిన్రు. మొన్నటేడు సుత గిట్లనే."

పక్కనే బావగారు స్కూటరుకు దణ్ణం పెట్టుకుంటున్నారు. "మా వైపైతే కరెంటు తీగ మీదే కూకుంటాదండి బావగారూ. ఇక్కడ ఎటు సూసినా పావురాలే," అన్నారు.

ఆ మాట నాకు తగిలింది. మా పాలపిట్టను చూపించలేనివాణ్ణయిపోయానా? "నడువున్రి బావగారూ, జెర అట్ల మూసీ కాలువ దాక పోయొద్దాం. కాలువ గట్ల మీద ఉంటయి," అన్నాను. ఆయనకు నా ఇనుప సైకిలు ఇచ్చాను. అతిథి కదా, క్యారియరు, స్టాండు అన్నీ ఉన్న బండి ఇవ్వడం మర్యాద. నేను తప్పనిసరై గేర్ల సైకిలు తీసుకున్నాను.

"మావోడికి తెలిస్తే ఏటవుతాదో?" అన్నారాయన.

"దూరం పోయే బండిని పెద్దోళ్లు ఒకసారి తొక్కి చూడాలె. ఆయనకే మంచిది," అన్నాను. అనుకుంటే నాకే నిజమనిపించింది.

ఆగకుండా తొక్కానని పైన రాశాను. ఈసీఐఎల్ దాకా తొక్కాం. అక్కడ బావగారికి మోకాలు పట్టేసింది. నిజానికి ముందు పట్టింది నాది, కానీ నేను బయటపడలేదు. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడి సైకిళ్లను ఎక్కించి, మేమూ ఎక్కి, కాలువ గట్టు దగ్గర దిగాం. 

దారంతా ఆయనకు మూసీ గురించి చెప్తూ వచ్చాను. చిన్నప్పుడు ఈ కాలువల్లో చేపలా ఈదేవాణ్ణనీ, అడుగున గులకరాళ్లు కనబడేవనీ. ఈదింది మా పెద్దన్న. నేను గట్టు మీద కూర్చుని వాడి బట్టలకు కాపలా కాసేవాణ్ణి. గులకరాళ్ల మాట మాత్రం నిజం, గట్టు మీద నుంచే కనబడేవి.

గట్టెక్కి చూశాను.

ఏటికి అడ్డంగా కట్టి కాలువలోకి నీళ్లు మళ్లించే రాతికట్టను ఇక్కడ కత్వ అంటారు. ఆ కత్వ కింద తెల్లటి నురగ మనిషెత్తున లేచి నిలబడి ఉంది. గాలి వీచినప్పుడల్లా గొర్రెపిల్లంత ముక్క తెగి, ఎగిరి, దారి దాటి వరి పొలంలో వాలుతోంది. కింద నీళ్లు డికాషన్ రంగులో ఉన్నాయి. వాసన గురించి రాయను, ఇది చదువుతూ ఎవరైనా టిఫిను తింటూ ఉండొచ్చు. అటూ ఇటూ పొలాలు మాత్రం పచ్చగా ఉన్నాయి, భయం వేసేంత పచ్చగా. కొంగలు ఆ నురగలోనే నిలబడి, తమకేమీ తెలియనట్టు, ముక్కులతో వెతుక్కుంటున్నాయి.

"ఇదేటండి బావగారూ, సిటీ బట్టలన్నీ ఇక్కడే ఉతికేత్తన్నారేటి?" అన్నారు బావగారు ముక్కు మూసుకుని.

"సిటీ మొత్తం తానం చేసినంక వచ్చే నీళ్లు."

"తానం ఒక్కటేనా?"

చెప్పుకోడానికి నాకున్న ఒకే ఒక్క నది అది. ఆయనేమో వంశధార ఒడ్డున పెరిగిన మనిషి. ఏదో ఒకటి చేసి పరువు నిలబెట్టుకోవాలి. పాలపిట్ట కనబడితే చాలు. గట్టు మీద ముందు నేను, వెనక ఆయన, ఇద్దరం తల పైకెత్తి తీగల వంక చూస్తూ తొక్కుతున్నాం.

కనబడింది. కాలువకు అవతల తీగ మీద, మట్టిరంగు ముద్దలా కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది. రెక్కలు విప్పింది. కింద నల్లటి కాలువ, దాని మీద తెల్లటి నురగ, వాటి పైన ఆ నీలం. ఇన్నేళ్లు ఫోనులో చూసింది ఏమిటో నాకు తెలియదు గానీ, అది ఈ రంగు కాదు.

పాలపిట్ట కనబడితే రెండు చేతులూ జోడించాలి. అది మా పద్ధతి. చిన్నప్పటి నుంచి చేతులకు అలవాటైన పని, అవి నన్ను అడగలేదు. రెండు చేతులూ హ్యాండిలు వదిలి వాటంతట అవే జోడయ్యాయి.

సరిగ్గా అప్పుడే వెనకాల బంతిపూల దండ కొస గేర్లలోకి పోయింది. నూలు దారమైతే తెగి ఊరుకునేది. ఈ మధ్య దండలు నైలాన్ దారంతో గుచ్చుతున్నారు. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. చక్రం ఆగింది, నేను ఆగలేదు.

చక్రాలు నీళ్లను తాకాయన్నాను కదా, అది నిజం. తాకి లోపలికి పోయాయి. అవతలి గట్టు అన్నది, నేను పడ్డాక తల ఎత్తి చూస్తే కనబడింది, అంతే. నీళ్లు నడుము లోతు. నేను నురగలో, చేతులు ఇంకా జోడించుకునే, కూర్చుని ఉన్నాను. ఏం జరిగిందో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నోట్లోకి పోయింది ఏమిటో అర్థమయ్యాక, అర్థం కాకపోయినా బాగుండేదనిపించింది.

బావగారు ఆ సమయానికి సైకిలు దిగి, కళ్లు మూసుకుని, భక్తిగా దణ్ణం పెట్టుకుంటున్నారు. కళ్లు తెరిస్తే ముందు నేను లేను.

"బావగారూ! ఎటెల్లిపోనారు?"

"ఈడనే ఉన్న."

"ఈడంటే ఎక్కడండి?"

"కిందికి చూడున్రి!"

"ఓలమ్మో!" అన్నారాయన.

ఆ కేకకు, పక్కన పశువుల గడ్డి కోస్తున్న ఒకామె కొడవలితో సహా పరుగెత్తుకొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఏందే తాతా, పండుగపూట తలకు పోసుకోనీకి నీకు గీ కాలువే దొరికిందా?"

"పాలపిట్టను చూడనీకి వచ్చినమమ్మా."

"పాలపిట్ట పైనుంటది గదా. నీళ్లల్ల ఏం దేవులాడుతున్నవ్?"

అంటూనే గడ్డిమోపు కట్టే తాడు విసిరింది. నేను పైకి వచ్చాను గానీ సైకిలు రాలేదు. నురగ కింద అది ఎక్కడుందో తెలియలేదు. కాసేపటికి ఒకచోట బంతిపూలు ఒక్కొక్కటీ పైకి తేలడం మొదలైంది. అక్కడ చెయ్యి పెట్టి, తాడు కట్టి, ముగ్గురం లాగాం. బయటికి వచ్చిన దాన్ని చూసి బావగారు తల పట్టుకున్నారు. గొలుసు మెలిపడిపోయింది. వెనక గేరును పట్టుకుని ఉండే చిన్న కొక్కెం విరిగి, ఆ భాగమంతా తీగకు వేలాడుతోంది, తెగిన తోకలా.

"రేపు పొద్దున్నే ఆడెల్లాలి కదండీ బావగారూ," అన్నారు మెల్లగా.

అప్పటిదాకా నాకు నా వాసన, నా మోకాలు, నా పరువు గుర్తున్నాయి. అల్లుడు గుర్తు లేడు. ఆ మాటతో గుర్తొచ్చాడు. గోడ మీది పటం గుర్తొచ్చింది.

బావగారు ఫోను చేస్తే ట్రాలీ ఆటో అతను వచ్చాడు గానీ నన్ను ముందు సీట్లో కూర్చోనివ్వలేదు. వెనక సైకిళ్లతో పాటు కూర్చోబెట్టి తెచ్చాడు. నేరుగా నేరేడ్‌మెట్‌లో అల్లుడు ఎప్పుడూ చూపించుకునే సైకిలు మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అదృష్టం, షట్టరు సగం తెరిచి ఉంది. లోపల పానాలు, సుత్తెలు, పంపులు అన్నీ అమ్మవారి పటం ముందు పీట మీద వరసగా పేర్చి, కుంకుమ బొట్లు పెట్టి, పూలు చల్లి ఉన్నాయి. మెకానిక్ కొత్త చొక్కా వేసుకుని కొబ్బరిముక్క నములుతున్నాడు.

"ఇయాల కాదు సార్. పనిముట్లు పూజల పెట్టిన. రేపు పొద్దెక్కినంక తీస్త."

"రేపు పొద్దెక్కేసరికి వ్యాను పోతది బాబూ. ఒక్క కొక్కెం. నీకు దండం పెడత."

"నాకెందుకు సార్, గా పానాలకు పెట్టున్రి. అవి ఒప్పుకుంటే నేను ఎవ్వన్ని అడ్డం చెప్పనీకి?" అని, ముక్కెగరేసి, "ఏదన్న సచ్చిందా సార్ ఆటోల?" అన్నాడు.

పొద్దున బండికి దండ వేయకుండా ఉండలేనివాణ్ణి నేను. పూజలో పెట్టిన పానాలు తియ్యమని ఏ నోటితో గట్టిగా అడగను? ఇంకో రెండు దుకాణాలు చూశాం. అన్నిచోట్లా అదే, మూసిన షట్టరు, దాని మీద పసుపు బొట్టు.

ఇంటికి వచ్చి సైకిలును సెల్లారులో స్తంభం వెనక దాచాం. మూడుసార్లు స్నానం చేశాను. మా ఆవిడా అమ్మాయీ వియ్యపురాలితో గుడికి వెళ్లి ఉండటంతో సాయంత్రం దాకా బతికిపోయాం.

చీకటి పడే ముందు అల్లుడు వచ్చాడు, ఆఫీసు నుంచి దారిలో జమ్మి చెట్టు దగ్గర ఆగి, చొక్కా జేబు నిండా ఆకు తెచ్చుకుని. మనిషి ముఖం వెలిగిపోతోంది. ముందు తండ్రి చేతిలో జమ్మి పెట్టాడు. తర్వాత నా చేతిలో పెట్టి, వంగి కాళ్లకు దండం పెట్టి, అలాయ్ బలాయ్ కౌగిలికి దగ్గరికి వచ్చాడు. వచ్చి, ఆగాడు.

"ఎక్కడైనా డ్రైనేజీ పొంగిందా మామయ్యగారూ?"

నేను గోడవైపు చూశాను.

"డ్రైనేజీ కాదురా," అన్నారు బావగారు. "మీ మావే."

ఇంక దాచడానికేముంది? చెప్పాను. కిందికి తీసుకెళ్లి చూపించాను. ఆయన తిడతాడని సిద్ధపడ్డాను. తిట్టలేదు. నేల మీద చతికిలబడి, చక్రం ఒళ్లో పెట్టుకుని, గేరు పళ్లలో ఇరుక్కున్న బంతిపూల రేకులు ఒక్కొక్కటే గోటితో తీశాడు. అన్నీ తీశాక ఫోను తీసి ఎవరితోనో అన్నాడు: "రేపు నేను రావట్లేదు. మీరు వెళ్లండి. లేదు, ఆరోగ్యం బాగానే ఉంది. సైకిలే కొంచెం బాగాలేదు."

కాలువలో పడ్డది నేను. ఇక్కడ మునిగింది ఆయన.

పైకి వచ్చేసరికి గుడి నుంచి తిరిగొచ్చిన మా అమ్మాయికి సంగతి తెలిసిపోయింది. "ముట్టకు అన్ననా లేదా? గా పటం చూసుకుంట ఆయన అన్నం తింటుంటే నేను రోజూ చూస్తున్న నాన్నా. నీకేం ఎరుక?" అంది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. అది ఏడుస్తూ అంది. నేను నాలుగోసారి స్నానానికి వెళ్లిపోయాను.

అయితే నేను చేసిన పని కూడా చెప్పాలి. బాత్రూంలో చాలాసేపు ఆలోచించాను. బయటికి వచ్చి, అందరి ముందూ అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, నిండు మనసుతో అన్నాను: "అల్లుడా, బాధపడకు. నా సైకిలు తీస్కపో. ముప్పై ఏండ్ల బండి, నన్ను ఒక్కనాడు మోసం చెయ్యలే. సముద్రం దాక పోయి రా." తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు మూశాను. అక్కడున్న అందరి కళ్లూ చెమర్చాయి. ఆయన మిత్రులకు మళ్లీ ఫోను చేసి, మర్నాడు తెల్లవారగానే నా ఇనుప సైకిలును వ్యానులో వేసుకుని వెళ్లాడు. నాలుగో రోజున ఫోటో వచ్చింది. అందరి సైకిళ్లూ సన్నగా, తేలికగా వంగి నిలబడి ఉంటే, మధ్యలో నాది స్టాండు వేసి, నిటారుగా, క్యారియరు మీద అందరి అరటిపళ్ల గెల మోస్తూ, వెనక సముద్రంతో.

అల్లుడు తిరిగొచ్చాక ఒక ఆదివారం వాళ్లింట్లో అందరినీ కూర్చోబెట్టి, ఇక్కడిదాకా రాసింది చదివి వినిపించాను. బావగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మా ఆవిడ మధ్యలోనే లేచి వంటింట్లోకి వెళ్లింది. అల్లుడు మాత్రం కాఫీ చల్లారిపోతున్నా కదలకుండా చివరిదాకా విన్నాడు. నేను కాగితాలు మడిచి, ఎలా ఉంది అన్నట్టు చూశాను.

"మామయ్యగారూ, మీరు సైకిలు ఇవ్వలేదు," అన్నాడు. "నేను బాత్రూం తలుపు కొట్టి తాళంచెవి అడిగితే, అంత దూరం పోతే బండి ఖరాబైతది, ఇయ్యనన్నారు. తలుపు కూడా తీయలేదు. నేనే కిందికి వెళ్లి రాయితో తాళం పగలగొట్టి తీసుకెళ్లాను."